లెక్క చూసే మనిషితో మాట్లాడండి

రేణిగుంట చుట్టుపక్కల పదేళ్లుగా డబ్బు నడిచే దారి మారుతోంది. విమానాశ్రయం దగ్గరా, ఏర్పేడు మండలం వికృతమాల దగ్గరా వెలసిన ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో టీవీలు, తెరల ప్యానెళ్లు, ఫోన్ల కేబుళ్లు తయారవుతున్నాయి. ఇంకాస్త దూరాన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడి లైన్లలో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. నెల తిరిగేసరికి జీతం వాళ్ల పేరున ఉన్న ఖాతాలో పడుతుంది. పల్లెల్లో పాల డబ్బుదీ అదే దారి. తిరుపతి కేంద్రంగా 2014లో ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల సంస్థలో లక్షకు పైగా సభ్యులున్నారు. అందరూ ఆడవాళ్లే, వాటాదారులూ వాళ్లే. కేంద్రంలో పోసిన పాలకు డబ్బు నేరుగా వాళ్ల ఖాతాకే వెళ్తుంది. ఆ సంస్థకు 2023 అక్టోబరులో షికాగోలో జరిగిన ప్రపంచ పాడి సదస్సులో అంతర్జాతీయ పురస్కారం కూడా దక్కింది. వీటికి తోడు ముప్పై ఏళ్లుగా వేళ్లూనుకున్న పొదుపు సంఘాలు ఉండనే ఉన్నాయి. జీతం, పాలు, సంఘం అప్పు: ఈ మూడు దారుల్లో వచ్చే డబ్బంతా ఆడవాళ్ల పేరుమీదే ఇంట్లోకి వస్తోంది. అయినా మోటారు పంపుల అంగడి, దాణా దుకాణం, బండ్ల షోరూము, ప్లాట్లు అమ్మేవాళ్లు, బీమా ఏజెంటు ఇంకా ఇంటి మగమనిషి కోసమే చూస్తున్నారు. ఆమె ఒక్కతే వస్తే "సారు వచ్చినాక మాట్లాడదాం లేమ్మా" అని సాగనంపే అలవాటు పోలేదు.

ఈ అలవాటు ఆడవాళ్లకు అవమానం అన్నది నిజమే. కానీ ఇక్కడ నేను వాదించేది అది కాదు. ఇది వ్యాపారికి నష్టం. ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని సరుకు తయారుచేసి, వాళ్లతో నేరుగా మాట్లాడి అమ్మే వ్యాపారం దయతో చేసే పని కాదు. మార్చి 8న పేపర్లో ఒక శుభాకాంక్షల ప్రకటన వేస్తే తీరే పని అంతకన్నా కాదు. ఇంట్లో లెక్క చూసే మనిషి, వస్తువును రోజూ వాడే మనిషి, వాడాక బాగోగులు పదిమందికి చెప్పే మనిషి ఎక్కువ ఇళ్లలో ఆమే. అందుకే ఆమె ప్రశ్నలు గట్టిగా ఉంటాయి. ఆ ప్రశ్నలకు నిలిచిన సరుకు ఎవరి ముందైనా నిలుస్తుంది. ఆడవాళ్లకు అమ్మడం తెలివైన వ్యాపారం అని నేను అనేది ఈ ఒక్క కారణం మీదే.

ముందు డబ్బు సంగతి. దేశం మొత్తం మీద, తాము స్వయంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న మహిళలు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 53 శాతం. 2019-21 నాటికి అది 78.6 శాతానికి చేరింది. సొంతంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్నవాళ్లు 45.9 శాతం నుంచి 54 శాతం అయ్యారు. కార్మిక సర్వేల ప్రకారం, పల్లెల్లో పదిహేనేళ్లు నిండిన మహిళల్లో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి 2017-18లో 24.6 శాతం ఉంటే 2023-24లో 47.6 శాతం. ఈ చివరి అంకెను చూసి మరీ ఉప్పొంగిపోనక్కరలేదు. ఆ పెరుగుదలలో పెద్ద భాగం సొంత పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో చేసే పని, దానికి చాలాచోట్ల చేతికి కూలి రాదు. ఖాతా ఉన్నంత మాత్రాన ఏటీఎం కార్డు కూడా ఆమె దగ్గరే ఉంటుందనీ చెప్పలేం. కానీ అన్ని మినహాయింపులూ వేసుకున్నా ఈ అంకెలు నడుస్తున్నది ఒకే వైపు. జీతం వచ్చే ఆడపిల్ల, పాల బిల్లు అందుకునే ఆవిడ, సంఘంలో కంతు కట్టే ఆవిడ మన కళ్ల ముందే ఉన్నారు. వీళ్లను కొనుగోలుదారులుగా లెక్కలోకి తీసుకోని వ్యాపారి పదిహేనేళ్ల కిందటి ఊరికి సరుకు అమ్ముతున్నాడు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది: డబ్బు ఆమె పేరున వచ్చినా ఖర్చు పెట్టేది మగవాడేగా? బండి కొన్నా, బోరు వేసినా, స్థలం రాయించుకున్నా సంతకం అతనిదేగా? నిజమే, చాలా ఇళ్లలో జేబులోంచి తీసి ఇచ్చేది అతనే. అయితే డబ్బు కట్టే చెయ్యి వేరు, తీర్మానించే మనసు వేరు. హార్వర్డ్ బిజినెస్ రివ్యూ 2009 సెప్టెంబరు సంచికలో మైకేల్ సిల్వర్‌స్టైన్, కేట్ సేయర్ రాసిన వ్యాసం, ప్రపంచంలో ఏటా దాదాపు 20 లక్షల కోట్ల డాలర్ల వినియోగ ఖర్చు మహిళల అదుపులో ఉందని లెక్కగట్టింది. అంత పెద్ద అంకెను నమ్మి తీరాలని నేను అనను. ఒక ఇంటి ఖర్చులో ఎవరి మాట ఎంత అని తూచే తక్కెడ ఎక్కడా లేదు. కానీ మన ఇళ్ల సంగతి మనకు తెలుసు. మిక్సీ ఏ కంపెనీది, పిల్లను ఏ బళ్లో వెయ్యాలి, జ్వరానికి ఏ డాక్టరు దగ్గరికి పోవాలి, పండక్కి ఎవరికి ఎంత బట్ట పెట్టాలి, ఈ నెల చీటీ ఎత్తాలా వద్దా: ఇవన్నీ ఎక్కడ తేలతాయో ప్రతి వ్యాపారికీ తన ఇంట్లోనే తెలుసు. అంగట్లోకి వచ్చేసరికి ఆ తెలిసినదాన్ని పక్కన పెడతాడు. పైగా, ఆమె నోటితో చెప్పకపోయినా వద్దనే హక్కు చాలాసార్లు ఆమె దగ్గరే ఉంటుంది. మగమనిషి ఎంతో మురిసి చూసివచ్చిన ప్లాటు, నీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి, చీకటిపడ్డాక బస్సు దిగి ఎంతదూరం నడవాలి అని ఆమె అడిగిన రెండు ప్రశ్నలతో ఆగిపోతుంది. ఆ రెండు ప్రశ్నలకు జవాబు లేని బ్రోచరు ఎంత రంగుల్లో ఉన్నా దండగే.

వాడకం మాట కూడా చూడాలి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొనే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనుల్లో గడుపుతున్నట్టు తేలింది. ఈ తేడా న్యాయమైనదని ఎవరూ అనలేరు, మారాలి కూడా. కానీ మారేలోగా వ్యాపారి గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది. గ్రైండరు మోత, కుక్కరు రబ్బరు, ఫ్రిజ్ తలుపు పట్టు, వాషింగ్ మెషీన్‌కు వచ్చే నీళ్ల ఒత్తిడి, వీటన్నిటినీ రోజుకు ఐదు గంటలు పరీక్షించే మనిషి ఆమె. ఆ పరీక్ష ఫలితం కంపెనీకి చేరకముందే పక్కింటికీ సంఘం మీటింగుకూ చేరుతుంది.

ఈ సంగతి కనిపెట్టి బాగుపడ్డ కంపెనీలు మన దేశంలోనే ఉన్నాయి. 1980ల నాటి రెండు ప్రకటనలను పక్కపక్కన పెట్టి చూడండి. ప్రెస్టీజ్ కుక్కరు ప్రకటన భర్తతో మాట్లాడింది: భార్య మీద ప్రేమ ఉన్నవాడు దీన్ని ఎలా కాదంటాడు అన్నది దాని సారం. కుక్కరు వాడేది ఆమె, కొనేది అతను, మధ్యలో ప్రేమ. అదే కాలంలో సర్ఫ్ కోసం అలిక్ పదమ్‌సీ బృందం లలితాజీ అనే పాత్రను తయారుచేసింది. అప్పటికి కర్సన్‌భాయ్ పటేల్ 1969లో మొదలుపెట్టిన నిర్మా, తక్కువ ధరతో సర్ఫ్‌ను మార్కెట్లో తరుముతోంది. ధర తగ్గించే బదులు ఆ ప్రకటన కూరగాయలు బేరమాడే గృహిణిని నిలబెట్టి, చౌకగా దొరికేదానికీ కొనదగిన మంచి సరుకుకూ తేడా ఆమె చేతే చెప్పించింది. ఆమెను మురిపించలేదు, బుజ్జగించలేదు. లెక్క వేయగల మనిషిగా చూపించింది. ఇన్నేళ్ల తరవాత కూడా ఆ పాత్ర జనానికి గుర్తుండడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఇంకో ఉదాహరణ మనకు మరీ దూరం కాని కడలూరులో పుట్టింది. చిన్ని కృష్ణన్ షాంపూను చిన్న ప్యాకెట్లలో అమ్మవచ్చని చూపిస్తే, ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో పదిహేను వేల రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. సీసా కొనే శక్తి లేని కూలిపనుల ఆడవాళ్లకు షాంపూ అక్కర్లేదని పెద్ద కంపెనీలు అనుకుంటున్న రోజులవి. అక్కర్లేక కాదు, ఒక్కసారిగా అంత డబ్బు పెట్టలేక కొనలేదు. ఏ రోజు కూలి ఆ రోజు చేతికొచ్చే మనిషి ఆ రోజుకు సరిపడా కొంటుంది. ఈ ఒక్క సత్యం మీద తరవాత దేశంలోని సబ్బుల కంపెనీలన్నీ తమ అమ్మకాలను తిరగరాసుకున్నాయి. ఆ ప్లాస్టిక్ ప్యాకెట్లు ఇవాళ మన కాలవలను పూడుస్తున్న మాటా నిజమే, దాని బాధ్యత ఆ కంపెనీలు తీసుకోవలసిందే. కానీ ఒక పేద ఆడమనిషి ఎలా ఖర్చు పెడుతుందో గమనించడం ఎంత పెద్ద వ్యాపారానికి దారితీస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దక్షిణాదిలో లేదు.

స్కూటర్ల కథ ఇంకా స్పష్టం. 1990లలో టీవీఎస్ తెచ్చిన స్కూటీ ఎంతగా పాతుకుపోయిందంటే, మన ఊళ్లలో ఏ కంపెనీ గేర్లులేని బండినైనా స్కూటీ అనే పిలుస్తారు. ఆ బండిలో మారింది రంగు కాదు. గేర్లు తీసేశారు, బరువు తగ్గించారు, సీటు ఎత్తు తగ్గించారు, చీర కట్టుకుని కూడా కాళ్లు పెట్టుకునేలా ముందు భాగం ఖాళీగా ఉంచారు. 2001లో హోండా యాక్టివా వచ్చి ఈ సౌకర్యాలకు గట్టి ఇంజిన్, లోహపు బాడీ, సీటు కింద సంచి పట్టే చోటు జోడించింది. దాన్ని ఆడవాళ్ల బండి అని ఎక్కడా ముద్ర వేయలేదు. ఫలితంగా కాలేజీకి వెళ్లే పిల్లా, బ్యాంకులో పనిచేసే అమ్మా, రిటైరైన తాతా ఒకే బండి తోలారు. కొన్నేళ్లలోనే దేశంలో అత్యధికంగా అమ్ముడయ్యే ద్విచక్రవాహనాల వరసలో అది చేరింది. ఆడవాళ్ల కోసం చేస్తే మగవాళ్లు పారిపోతారన్న భయానికి జవాబు ఇక్కడే ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకు కిక్కు కొట్టే బాధ తప్పింది. ఆయన ఈ బండి ఎవరి కోసం తయారైందని అడగలేదు. ఎక్కువ ఇబ్బంది పడే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన వస్తువు, తక్కువ ఇబ్బంది పడే మనిషికీ సుఖంగానే ఉంటుంది.

ఇదే పనిని తలకిందులుగా చేసి చేతులు కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. డెల్ కంపెనీ 2009లో ఆడవాళ్ల కోసమని డెల్లా అనే వెబ్‌సైటు తెరిచి, చిన్న కంప్యూటర్లతో వంటలు వెతుక్కోండి, తిన్న కేలరీలు లెక్కపెట్టుకోండి అని సలహాలిచ్చింది. ఆడవాళ్లు మండిపడ్డారు. కంపెనీ కొద్ది వారాల్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. బిక్ కంపెనీ ఆడవాళ్ల పెన్నులని లేత రంగుల్లో తెస్తే 2012లో ప్రపంచమంతా నవ్వింది. న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ 2015లో దాదాపు ఒకేలాంటి సరుకులను పోల్చి చూస్తే, ఆడవాళ్ల పేరుతో అమ్మేవి సగటున 7 శాతం ఎక్కువ ధర పలుకుతున్నాయని తేలింది. గులాబీ రంగు పూసి ధర పెంచితే కొన్నాళ్లు లాభం రావచ్చు. కానీ ధరలు పోల్చి చూసే అలవాటున్న మనిషితో ఆ ఆట ఎంతోకాలం సాగదు.

మన ప్రాంతానికి వద్దాం. తిరుమలకు రోజూ అరవై డెబ్బై వేల మంది భక్తులు వస్తుంటారు. వాళ్లలో పెద్ద సంఖ్య రేణిగుంట జంక్షన్లోనో విమానాశ్రయంలోనో దిగి, లేదా కడప, చెన్నై రోడ్ల మీద కారులో, ఇటుగా వెళ్తారు. చంటిపిల్లలతో, ముసలివాళ్లతో, గుండు చేయించుకోవలసిన పిల్లాడితో కుటుంబం మొత్తం కదిలే ప్రయాణం అది. ఈ దారిలో ఏ హోటలు దగ్గర బండి ఆగాలన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఇడ్లీ మెత్తదనం కన్నా ముందు, అక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి ఉందా, దానికి గొళ్లెం పడుతుందా, లైటు వెలుగుతుందా, బిడ్డకు పాలివ్వడానికి మరుగు ఉందా అన్నది ఆమె చూస్తుంది. ఆమె వద్దంటే ఆ కారులోని ఆరుగురూ అక్కడ తినరు. ఈ రోడ్ల మీద హోటళ్లు బోర్డుల మీద పెట్టే ఖర్చులో కొంతైనా మరుగుదొడ్డి మీద పెడితే ఎంత వ్యాపారం పెరుగుతుందో యజమానులు ఒక్క నెల ప్రయత్నించి చూడవచ్చు. దానికి ఏ మార్కెటింగ్ నిపుణుడూ అక్కర్లేదు. లాడ్జీలూ అంతే. ఒంటరిగానో, ఇద్దరు ముగ్గురు కలిసో దర్శనానికి వచ్చే ఆడవాళ్లకు గది ఇవ్వడానికి లేనిపోని ప్రశ్నలు వేసే లాడ్జి, తన గదులను తానే ఖాళీగా ఉంచుకుంటోంది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది పాడి. ఆవుకు నీళ్లు పెట్టేది, గడ్డి వేసేది, పాలు పితికేది, పేడ ఎత్తేది ఎక్కువ ఇళ్లలో ఆడమనిషి. ఆవు ఎదకు వచ్చిందని ముందు కనిపెట్టేదీ, పొదుగు కాస్త వేడిగా ఉందని చేత్తో తెలుసుకునేదీ ఆమే. కేంద్రంలో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం) చూసి ధర కడతారు కాబట్టి, ఫలానా దాణా మార్చిన వారానికి వెన్న పడిపోయిందా లేచిందా అన్న లెక్క కూడా ఆమె దగ్గరే ఉంటుంది. అంటే దాణా నాణ్యతను అంకెల్లో కొలిచి చూసుకునే కొనుగోలుదారు ఆమె. ఇలాంటి కొనుగోలుదారు దొరకడం ఏ పరిశ్రమకైనా అదృష్టం. అయినా దాణా కంపెనీల మీటింగులు మగవాళ్లకు అనువైన వేళ, మగవాళ్లు కూర్చునే చోట జరుగుతాయి. బస్తా యాభై కిలోలుంటుంది, అది ఇంటికి చేరాలంటే మగమనిషి భుజమో ఆటోనో కావాలి. పాతిక కిలోల బస్తా, ఇంటి దగ్గర దించే ఏర్పాటు, పాలు పోసే వేళ కేంద్రం దగ్గరే పావుగంట మాట్లాడే మనిషి, బస్తా మీద పెద్ద తెలుగక్షరాల్లో ఎంత మోతాదు వెయ్యాలో రాత: వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. గడ్డి కోసే యంత్రం ఆమె ఎత్తుకు సరిపడా ఉండాలి, స్విచ్చు ఆమె చేతికి అందాలి, కత్తికి చీర కొంగు తగలకుండా మూత ఉండాలి. యంత్రం గీసేటప్పుడే ఆ మనిషిని తలుచుకుంటే తప్ప ఇవి రావు. పాలసేకరణలో ఆడవాళ్లను సభ్యులుగా పెట్టుకుని ఒక సంస్థ ఇంత ఎదిగినప్పుడు, వాళ్లకు సరుకు అమ్మే కంపెనీలు ఆ పాఠం ఎందుకు చదవడం లేదో నాకు అర్థం కాదు.

పాఠం కోసం దూరం కూడా పోనక్కర్లేదు. తిరుపతి గాంధీరోడ్డులో చీరల అంగడికి వెళ్తే, ఆమె ముందు నూరు చీరలు పరుస్తారు, విసుక్కోరు, కూర్చోడానికి చోటిస్తారు, మంచినీళ్లిస్తారు. మీ ఆయన్ను తీసుకురమ్మని అనరు. ఏమీ కొనకుండా లేచినా మళ్లీ రమ్మంటారు. తరాలుగా వాళ్లకు తెలుసు, ఇవాళ లేచిపోయిన మనిషి రేపు పెళ్లి బట్టలకు పదిమందిని వెంటబెట్టుకు వస్తుందని. అదే వీధిలో మోటార్ల అంగడికి వెళ్లిన అదే మనిషికి స్టూలు కూడా ఉండదు. ఆడవాళ్లు ఎక్కువ అడుగుతారు, టైము తింటారు, బేరం తెమలదు అని వ్యాపారులు చెప్పే మాట ఇక్కడే పరీక్షకు నిలవాలి. అడిగి తెలుసుకుని కొన్న మనిషి సరుకును తప్పుగా వాడి పాడుచేసుకోదు, ఊహించుకున్నది వేరు వచ్చింది వేరని గొడవకు రాదు. ముందు ఇచ్చిన అరగంట తరవాతి తలనొప్పులను తగ్గిస్తుంది. ధర చీటీ వస్తువు మీదే అతికిస్తే సగం ప్రశ్నలు ఎలాగూ ఉండవు.

ఇప్పటిదాకా చెప్పిన అభ్యంతరాలు తేలికవి. అసలు బరువైనది ఒకటుంది. ఆడవాళ్లను మార్కెట్‌గా చూడడం మొదలుపెడితే వాళ్ల అవసరాల కన్నా వాళ్ల భయాలను, మొహమాటాన్ని వాడుకోవడమే ఎక్కువ జరుగుతుంది కదా? ఈ మాటను తోసిపుచ్చే ధైర్యం ఆంధ్రలో ఎవరికీ ఉండకూడదు, ఎందుకంటే దాని అనుభవం మనదే. 1975 నుంచి ఒక క్రీము, ఒంటి రంగు తక్కువన్న బాధను అమ్మింది. 2020లో గాని పేరులోంచి ఆ తెలుపు మాట తీసెయ్యలేదు. అంతకన్నా ఘోరం సూక్ష్మరుణాలది. డ్వాక్రా సంఘాలతో మన ఆడవాళ్లు నేర్చుకున్న పొదుపు క్రమశిక్షణను, తోటి సభ్యురాలి ముందు మాట పోకూడదన్న పట్టుదలను చూసి ప్రైవేటు సంస్థలు పల్లెల్లోకి దిగాయి. ఆడవాళ్లే సరిగ్గా తీరుస్తారని వాళ్లనే ఎంచుకున్నాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి, వారం వారం వసూళ్లకు ఇంటి ముందు కూర్చున్నాయి. 2006లోనే కృష్ణా జిల్లాలో కలెక్టరు కొన్ని శాఖలను మూయించవలసి వచ్చింది. అయినా ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ వాటాలు స్టాక్ మార్కెట్‌కెక్కాయి. అదే ఏడాది అక్టోబరులో, ఆత్మహత్యల వార్తల నడుమ, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఆ ఇళ్లలో జరిగిన నష్టాన్ని ఏ వ్యాపార పాఠమూ పూడ్చలేదు.

అయితే ఆ చరిత్ర నా వాదనను కొట్టేయదు, దానికి హద్దు గీస్తుంది. ఆర్డినెన్సు వచ్చాక రాష్ట్రంలో ఆ సంస్థల వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. తీర్చడంలో దేశానికే ఆదర్శమని పేరుపడ్డ ఆడవాళ్లు ఇక వాళ్లకు కట్టలేదు. చాలా సంస్థలు కోలుకోలేకపోయాయి. ఎస్‌కేఎస్ పేరు మార్చుకుని, చివరికి 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. అవి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లడం తప్పు కాదు. ఆమె సంపాదన ఎంత, ఖర్చెంత, ఇప్పటికే ఎన్ని కంతులు కడుతోంది అని అడగకుండా, ఆమె మొహమాటాన్నే పూచీగా పెట్టుకోవడం తప్పు. అదే ఆడవాళ్లతో, అదే పల్లెల్లో, బ్యాంకులు పొదుపు సంఘాలకు ఇచ్చే అప్పు ఇవాళ్టికీ నడుస్తోంది. అక్కడ పుస్తకం వాళ్లే రాసుకుంటారు, ఎవరికెంత ఇవ్వాలో వాళ్లే కూర్చుని తేల్చుకుంటారు. కొనేవాళ్ల చేతిలో లెక్క ఉంచిన వ్యాపారం నిలిచింది, లెక్క దాచిన వ్యాపారం కూలింది. ఇప్పుడు ఫోన్లోనే అప్పిచ్చే యాప్‌లు ఫ్యాక్టరీ హాస్టళ్లలోని ఆడపిల్లల చుట్టూ తిరుగుతున్న వేళ, ఈ తేడా తెలిసిన బ్యాంకు మేనేజరు రేణిగుంటలో ఒక్కరున్నా చాలు, వాళ్లకు మొదటి రికరింగ్ డిపాజిట్ ఎలా తెరవాలో చెప్పి ముప్పై ఏళ్ల ఖాతాదారులను సంపాదించుకోవచ్చు.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. ఆడవాళ్లంతా ఒకటే గుంపు కాదు. ఫోన్ల ఫ్యాక్టరీలో షిఫ్టు చేసే ఇరవై రెండేళ్ల పిల్లకు రాత్రి పదింటికి తెరిచి ఉండే మందుల షాపు, హాస్టలు దగ్గర దించే ఆటో, తక్కువ ధరలో మంచి చెప్పులు కావాలి. ఆమె జీతంలో సగం ఊరికి పోతుంది, చెల్లెలి ఫీజుకు పోతుంది. నలభై ఐదేళ్ల పాడి రైతుకు ఆవు బీమా కావాలి, అందులో ఏ రోగానికి డబ్బు రాదో ముందే చెప్పే మనిషి కావాలి. టీచరు ఉద్యోగం చేసే ఆవిడకు ఇంటి అప్పు మీద వడ్డీ తేడా కావాలి. వీళ్ల ముగ్గురికీ కలిపి ఒకే చిరునవ్వు బొమ్మతో వేసే ప్రకటన ఎవరికీ తగలదు.

ఆడవాళ్లకు అమ్మాలంటే అమ్మేచోట కూడా ఆడవాళ్లుండాలి. హిందుస్థాన్ లీవర్ 2000 దశకం మొదట్లో నల్గొండ జిల్లాలో పొదుపు సంఘాల మహిళలనే ఊరూరా తన సరుకులు అమ్మేవాళ్లుగా పెట్టుకుని శక్తి అనే పథకం ప్రారంభించింది. ఏ డీలరూ పోలేని చిన్న ఊళ్లకు ఆ దారిన సబ్బులు, షాంపూలు చేరాయి. పథకం తరవాత చాలా రాష్ట్రాలకు పాకింది. ఆ మహిళలకు మిగిలిన ఆదాయం కంపెనీకి దక్కిన మార్కెట్‌తో పోలిస్తే చిన్నదే, ఆ పంపకం ఇంకా మెరుగ్గా ఉండవలసింది. కానీ కొనేవాళ్ల నమ్మకం ఎవరి ద్వారా వస్తుందో ఆ కంపెనీ ముందే పట్టుకుంది. రేణిగుంటలో బండ్ల షోరూమో, ఎలక్ట్రికల్ అంగడో, విత్తనాల దుకాణమో ఒక పాలిటెక్నిక్ చదివిన అమ్మాయిని కౌంటరు దగ్గర కూర్చోబెట్టి, బిల్లు వేసే పనికే పరిమితం చేయకుండా సరుకు గురించి వివరించే పని అప్పగిస్తే, లోపలికి రావడానికి వెనకాడే సగం ఊరు లోపలికి వస్తుంది.

చిన్న వ్యాపారికి ఇంత తీరికెక్కడిది, ఆడవాళ్లు ఎలాగూ దగ్గరున్న అంగడికే వస్తారు కదా అని అనేవాళ్లకు ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఇన్నాళ్లూ ఏర్పేడు వైపు పల్లె నుంచి బయల్దేరిన మనిషికి రేణిగుంట దాటి మరో పది కిలోమీటర్లు తిరుపతికి పోవడమంటే అదనపు ఖర్చు. వంద రూపాయల వస్తువు కోసం ఆ చార్జీ పెట్టడం దండగ కాబట్టి రేణిగుంటలో చెప్పిన ధరే ధర. ఇప్పుడు ఆ ఖర్చు పోయింది. ఆమె తిరుపతిలో నాలుగు అంగళ్లు చూసి, ధరలు పోల్చి, ఏమీ కొనకుండా తిరిగొచ్చినా నష్టపోయేది సాయంత్రం మాత్రమే. అదే సౌకర్యం మగవాళ్లకు లేదు, కాబట్టి ఇంటి సరుకుల బేరానికి ఆమే వెళ్లడం ఇంటికి లాభం. రేణిగుంట అంగడిదారుకు తిరుపతి పెద్ద షోరూములతో ధరలో పోటీపడడం కష్టం. అతను ఇవ్వగలిగింది వేరే: పాడైతే తానే వచ్చి చూడడం, పాల బిల్లు వచ్చే రోజుకు సరిపడేలా కంతు పెట్టడం, ధర దాచకుండా చెప్పడం, ఇంట్లో ఫోన్ ఎవరిదని అడగకుండా ఆమె నంబరే రాసుకుని సర్వీసు రోజున ఆమెకే ఫోన్ చేయడం. వీటిలో చివరిదానికైతే పైసా ఖర్చు లేదు.